పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్ ఇంటికి కొనొచ్చా?

[తెరపై: నీలిరంగు ఎస్‌జీఐ ఇండీ]

నమస్కారం. ఈ నీలి పెట్టె పేరు ఇండీ. ఇదొక యూనిక్స్ వర్క్‌స్టేషన్, అంటే ఇంజినీర్లూ డిజైనర్లూ వాడిన, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్. సిలికాన్ గ్రాఫిక్స్ (ఎస్‌జీఐ) కంపెనీ 1993లో తెచ్చింది. ఇంట్లో కంప్యూటర్‌కి కెమెరా ఉంటుందని ఎవరూ అనుకోని రోజుల్లో దీంతోపాటు డిజిటల్ కెమెరా ఇచ్చేవాళ్లు. ధర సుమారు 5,000 డాలర్ల నుంచి మొదలయ్యేది. ఇలాంటివీ, సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల స్పార్క్ చిప్‌తో నడిచే యంత్రాలూ ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ఒకటి కొనాలని మీకుంటే, ఎందుకు కొంటున్నారో ముందు తేల్చుకోండి.

యూనిక్స్ నేర్చుకోవడానికైతే వద్దు. పాత ల్యాప్‌టాప్‌లో లినక్సో ఫ్రీబీఎస్‌డీయో (రెండూ యూనిక్స్ లాంటి ఉచిత సిస్టమ్‌లే) వేసుకుంటే చాలు, షెల్, పైపులు, పర్మిషన్లు లాంటి యూనిక్స్ ప్రాథమిక విషయాలన్నీ వచ్చేస్తాయి.

సీ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు మాత్రం స్పార్క్ యంత్రం కొనమనే చెప్తాను. ఇంటెల్ చిప్ ఒక సంఖ్యను మెమరీలో పెట్టేటప్పుడు చివరి బైట్‌ని ముందు పెడుతుంది. స్పార్క్ మొదటి బైట్‌నే ముందు పెడుతుంది. నాలుగు బైట్ల సంఖ్యను నాలుగుతో భాగించలేని అడ్రస్ నుంచి చదివితే ఇంటెల్ సర్దుకుపోతుంది. స్పార్క్ ‘బస్ ఎర్రర్’ అని ప్రోగ్రామ్‌ని అక్కడే ఆపేస్తుంది. ఏళ్లుగా కోడ్‌లో దాక్కున్న తప్పులు ఇలా బయటపడతాయి. పైగా 64 బిట్ల స్పార్క్ మీద ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత యూనిక్స్ సిస్టమ్ ఇప్పటికీ నడుస్తుంది.

ఇక ఐరిక్స్ (ఎస్‌జీఐ వాళ్ల సొంత యూనిక్స్) డెస్క్‌టాప్ అంటే ఇష్టంతో ఎస్‌జీఐ కొనేవాళ్లున్నారు. ఆ ఇష్టం చాలు, వేరే కారణం అక్కర్లేదు. కాకపోతే డబ్బు పెట్టేముందు ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో చూడండి: మేమ్‌లో ఇండీ, క్యూఎమూలో స్పార్క్‌స్టేషన్ 5 నడుస్తాయి.

[తెరపై: సన్ మదర్‌బోర్డు మీద ఎన్‌వీరామ్ చిప్]

ఈ చిప్‌ని బాగా చూడండి. కరెంటు తీసేసినా యంత్రం సెట్టింగుల్ని గుర్తుంచుకునే ఎన్‌వీరామ్ ఇది. పాత సన్ యంత్రాల్లో ఎక్కువగా తంటా తెచ్చేది ఇదే. బ్యాటరీ దీని లోపలే సీల్ అయి ఉంటుంది. అది అయిపోతే యంత్రం తన ఈథర్‌నెట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) కూడా మర్చిపోతుంది. ఆన్ చేయగానే ‘ఐడీప్రామ్’ (యంత్రం గుర్తింపు వివరాలు) చెల్లదని మెసేజ్ వస్తుంది. అది చూసి బోర్డు పోయిందనుకుని తక్కువకి అమ్మేసేవాళ్లుంటారు. కానీ బోర్డు బాగానే ఉంటుంది. ఓపెన్‌బూట్ (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు నడిచే సన్ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గర అడ్రస్ మళ్లీ టైప్ చేయొచ్చు, చిప్ మార్చొచ్చు. చేయి తిరిగినవాళ్లు చిప్ పైభాగం గీకి బయట నుంచి చిన్న బటన్ బ్యాటరీ కలుపుతారు. కాబట్టి ఆ మెసేజ్ కనబడితే నేనైతే బేరం మొదలుపెడతాను.

మానిటర్ సంగతి వేరు. చాలా వర్క్‌స్టేషన్లకు 13డబ్ల్యూ3 అనే కనెక్టర్ ఉంటుంది, మామూలు మానిటర్ వైరు దానికి సరిపోదు. అడాప్టర్ కొన్నా, సింక్ సిగ్నల్ (బొమ్మ సరిగ్గా పడేలా సమయం చూపేది) ఆకుపచ్చ రంగు వైరులోనే వస్తే కొన్ని ఎల్‌సీడీలు బొమ్మ చూపించవు. సన్ అయితే టెన్షన్ తక్కువ: కీబోర్డు తీసేసి ఆన్ చేస్తే సీరియల్ పోర్టులో (అక్షరాలు పంపే పాత రకం పోర్టు) మాట్లాడుతుంది. 9600 స్పీడ్ పెట్టి ల్యాప్‌టాప్‌ నుంచే చూసుకోవచ్చు.

ఎస్‌జీఐ ఓ2, ఆక్టేన్ కొంటుంటే హార్డ్‌డిస్క్ బిగించే ట్రే ఉందో లేదో అడగండి. విడిగా దొరకడం కష్టం. ఆక్టేన్ బరువు 20 కిలోలు దాటుతుంది, ఫ్యాన్ల మోత కూడా ఎక్కువే. అలాంటిదాన్ని అమెరికా నుంచి హైదరాబాద్‌కి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి యంత్రం ధరని దాటిపోవచ్చు. అక్కడే ఉండే మనవాళ్లు కారులో వెళ్లి తెచ్చుకునే దూరంలో వెతుక్కోవడం మంచిది.

మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా సన్ బ్లేడ్ 100. 2000లో 995 డాలర్లకు వచ్చింది. యూఎస్‌బీ కీబోర్డు, పాత పీసీల్లో వాడే ఐడీఈ డిస్క్, మామూలు వీజీఏ పోర్టు ఉన్నాయి. వేగం తక్కువే, కానీ విడిభాగాల కోసం తిరగక్కర్లేదు.

ఏది కొన్నా పాత సోలారిస్‌ని (సన్ వాళ్ల యూనిక్స్), ఐరిక్స్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి కలపకండి. ఎస్‌జీఐ 2006లోనే ఐరిక్స్ యంత్రాల తయారీ ఆపేసింది, ఇలాంటి పాత సిస్టమ్‌లకు భద్రతా లోపాలు సరిదిద్దే అప్‌డేట్లు ఇప్పుడు రావు. ఇంటి నెట్‌వర్క్ లోపలే ఉంచండి.

డబ్బు పంపేముందు, యంత్రం ఆన్ అయి ఉండగా స్క్రీన్ ఫోటో ఒకటి అడగండి. రూట్ (యంత్రంపై పూర్తి అధికారం ఉండే ఖాతా) పాస్‌వర్డ్ కూడా అడగండి. ఫోటో ఇవ్వలేమంటే, అది పనిచేయదనుకునే ధర చెప్పండి.