పెళ్లిలో మిగిలిన అన్నం గేదెకు పెడుతున్నారా?

నమస్కారమండీ. పెళ్లిళ్ల సీజన్‌లో తెల్లారేసరికి నాకొచ్చే ఫోన్ ఒకటుంటుంది. "డాక్టరు గారూ, రాత్రి మిగిలిన అన్నం గేదెకు పెట్టాం. ఇప్పుడు మేత ముట్టట్లేదు, లేవట్లేదు." పారేయడం ఎందుకని పెట్టిందే, పాపం.

కెమెరా ఇటు తిప్పు బాబూ. ఇదిగో, ఎడమ డొక్క. చివరి పక్కటెముక వెనకాల ఈ పల్లంలో పిడికిలి గట్టిగా ఆనించి కాసేపు ఆగండి... ఆ, తోసింది! నిమిషానికి ఒకటి రెండుసార్లు ఇలా తోస్తుంటే పెద్ద పొట్ట పనిచేస్తున్నట్టే. వంద లీటర్లు పైనే పట్టే తొట్టి అది. గడ్డిలో పీచును అరిగించేది గేదె కాదు, ఆ తొట్టిలోని సూక్ష్మజీవులు. అవి గడ్డిని పులియబెడితే వచ్చే ఆమ్లాలతోనే గేదెకు బలం. అందులో అసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు ముడిసరుకు. గడ్డి బాగా తగ్గించి దాణా గుమ్మరిస్తే వెన్న శాతం పడిపోయేది అందుకే. పాలకేంద్రంలో మెషీన్‌తో గొడవ పడేముందు గాడిలో ఏముందో చూసుకోండి.

ఇక అన్నం సంగతి. అదంతా పిండి పదార్థం. ఒక్కసారిగా బకెట్ల కొద్దీ పడితే పిండిని తినే సూక్ష్మజీవులు గంటల్లో విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తగ్గితే అంత పులుపు. మామూలుగా 6, 7 మధ్య ఉండేది 5 దాకా, ఇంకా కిందికీ దిగుతుంది. పీచును తినేవి ఆ పులుపుకి చచ్చిపోతాయి. ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేస్తుంది. కళ్లు గుంటలు పడతాయి, పేడ పల్చగా పుల్లటి వాసన వస్తుంది. గడ్డైతే నెమరేస్తుంది, లాలాజలం ఊరుతుంది, అందులో ఉన్న సోడా పులుపును విరిచేస్తుంది. అన్నాన్ని ఏం నెమరేస్తుంది చెప్పండి?

వంటసోడా నీళ్లు పోస్తే చాలదా అంటారు. తేలికపాటిదైతే పనికొస్తుంది. కానీ లేవలేని గేదెకు బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, డాక్టర్ని పిలవండి. ఒక్కోసారి మేం ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్టలోంచి రసం తీసి జబ్బుపడ్డ దాని పొట్టలోకి పోస్తాం. పాలకు తోడు వేసినట్టే అనుకోండి.

దాణా మార్చినా అంతే. కొద్దికొద్దిగా పెంచుతూ రెండు మూడు వారాలు తీసుకోండి. ఆ సూక్ష్మజీవులు అలవాటు పడాలిగా.

ఆగండాగండి, ఇది నెమరు మొదలుపెట్టింది. గొంతులోంచి ముద్ద పైకి రావడం చూశారా? ఒక్కో ముద్దను 40 నుంచి 60 సార్లు నమలాలి. లెక్కపెడదాం, ఒకటి, రెండు, మూడు... యాభై రెండు. మింగేసింది. బ్రహ్మాండం, దీనికి నాతో పనిలేదు.