ఒంటి మీద తెలిసే అత్తరు

సభకు నమస్కారం. బరంపురంలో నలుగురు కూర్చుని తెలుగులో మాట్లాడుకునే ఏ సాయంత్రమైనా నాకు ఇష్టమే. ఈసారి అత్తర్ల గురించి మాట్లాడమన్నారు కాబట్టి ఇంకా సంతోషంగా వచ్చాను.

అత్తరు కొనేటప్పుడు మనందరం చేసే పని ఒకటుంది. బుడ్డి మూత తీస్తాం, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీలుస్తాం, బాగుందనో బాగా లేదనో అక్కడికక్కడే చెప్పేస్తాం. అలా తేల్చేయకండి అని చెప్పడానికే వచ్చాను. మూత దగ్గర మనకు అందేది అత్తరులో అన్నిటికంటే ముందు ఎగిరిపోయే భాగం. ఒంటికి రాసుకుని, ఆ పూటంతా దానితో తిరిగితేనే అది ఎలాంటి అత్తరో తెలుస్తుంది.

ఈ మాట చెప్పడానికి గంజాం జిల్లా కంటే తగిన చోటు లేదు. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో, మొగలి నీళ్లలో చాలా పెద్ద వంతు ఇక్కడిదే. ఛత్రపురం, గోపాల్‌పూర్, చికిటి వైపు పొలం గట్ల మీదా, కాలువల వెంటా మొగలి పొదలు చూడనివాళ్లు ఈ హాల్లో ఉండరు. మన ఒడియా ఇరుగుపొరుగు కియా అంటారు. గంజాం మొగలి పువ్వుకీ, దాని నుంచి తీసే రూహ్ అనే అచ్చమైన పువ్వు నూనెకీ భౌగోళిక గుర్తింపు ఉంది. మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. జడలో పెట్టుకునే రేకులు, పెట్టెలో చీరల మధ్య దాచుకునే రేకులు, అత్తరు తీసే బట్టీకి వెళ్లే పూలు అన్నీ మగ చెట్టువే. పూత వానాకాలంలో ఎక్కువ. తెల్లవారకముందే వెళ్లి, ముళ్లలో చెయ్యి పెట్టి కోస్తారు. తూకానికి కాదు, లెక్కకు అమ్ముతారు. కోసిన పువ్వులో వాసన ఎక్కువసేపు నిలవదు కాబట్టి బట్టీలు పొలాలకు దగ్గర్లోనే ఉంటాయి.

బట్టీ దగ్గర జరిగేది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఒంటి మీద అత్తరు ఎందుకు మారుతుందో అక్కడే సగం అర్థమైపోతుంది. డేగు అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి భప్కా అనే ఇంకో రాగి పాత్రలోకి వెళ్తుంది. ఆ భప్కా నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. అందులో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. ఆవిరి చల్లబడి నీళ్లవుతుంది, మొగలి వాసన గంధం నూనెలోకి దిగుతుంది. అడుగున చేరిన నీళ్లు తీసేసి, అదే నూనెలోకి మళ్లీ కొత్త పూల ఆవిరి పట్టిస్తారు. ఇలా చేయగా చేయగా వచ్చేది మొగలి అత్తరు. గంధం లేకుండా పువ్వు నూనె ఒక్కటే తీస్తే అది రూహ్. నీళ్ల భాగం బిర్యానీలోకి, మిఠాయిల్లోకి వెళ్తుంది. పాన్ మసాలా వాళ్లు కూడా మొగలిని పెద్ద ఎత్తున కొంటారు. మన ఊరి పువ్వు ఎక్కువగా అటు పోవడం నాకు బాధగానే ఉంటుంది. ఒంటికి రాసుకునే అత్తరుగా దానికి ఉన్న విలువ మనలోనే చాలామందికి తెలియదు.

అంటే మొగలి అత్తరు ఒక్క వాసన కాదు, రెండు. పువ్వుది ఒకటి, గంధానిది ఒకటి. ఈ రెండింటి స్వభావాలూ పూర్తిగా వేరు. మొగలి నూనెలో సగానికి పైగా ఉండేది ఫెనైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థం. గులాబీకి తీపి వాసన ఇచ్చే ఫెనైల్ ఇథైల్ ఆల్కహాల్‌కు ఇది దగ్గరి బంధువు. మొగలి ఘాటు వెనక తేనె లాంటి, గులాబీ లాంటి తీపి లీలగా తగులుతుంది కదా, దానికి కారణం ఇదే. ఇది తేలికపాటి పదార్థం, త్వరగా ఆవిరైపోతుంది. గంధం నూనెలో ముఖ్యమైనవి శాంటలాల్‌లు. అవి బరువైనవి, ఆవిరయ్యేందుకు చాలాసేపు పడుతుంది. సంత ముగిశాక ఖాళీ చేతులవాళ్లు ముందు వెళ్లిపోయి, మూటలున్నవాళ్లు వెనక నడిచినట్టు, ఒంటి మీంచి వాసనలు కూడా వాటి బరువును బట్టి వరసగా బయల్దేరతాయి.

మంచి మొగలి అత్తరు మణికట్టుకు రాస్తే మొదట కొట్టొచ్చినట్టు పువ్వు. కొంచెం పచ్చి ఆకు ఘాటు, మిరియం లాంటి చురుకు కూడా ఉంటాయి. కొత్తవాళ్లకు ఇది ఎక్కువే అనిపిస్తుంది. అమ్మో తలనొప్పి అని బుడ్డి తిరిగి ఇచ్చేసేది ఇక్కడే. కాసేపు ఓపిక పడితే ఘాటు తగ్గి తేనె తీపి పైకి వస్తుంది. గంట, రెండు గంటలు దాటాక పువ్వు పల్చబడి గంధం మెత్తగా తెలుస్తుంది. చివరికి ముక్కు మణికట్టుకు ఆనిస్తే తప్ప తెలియనంత దగ్గరగా, పాలమీగడ లాంటి గంధం వాసన మాత్రం మిగులుతుంది. నాకు మొగలి అత్తరులో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం నడిమిది, పువ్వూ గంధమూ సమానంగా ఉండే ఆ కాస్త సమయం. దుకాణంలో నిలబడి చూసినవాళ్లకు ఆ ఘట్టం ఎప్పటికీ దొరకదు.

మిగతా అత్తర్లు కూడా మారతాయి, కానీ ఒక్కోటి ఒక్కోలా. మల్లెలో బెంజైల్ ఎసిటేట్ అనే తేలిక పదార్థం తాజాదనాన్ని ఇస్తుంది, ముందుగా పోయేది అదే. ఇండోల్ అనే ఇంకో పదార్థం ఉంటుంది. దాన్ని విడిగా, ఎక్కువ మోతాదులో పీలిస్తే కలరా ఉండల వాసన వస్తుంది. పువ్వులో కొద్దిగా ఉంటే మాత్రం మల్లెకు ప్రాణం అదే. అందుకే కొందరి ఒంటి మీద మల్లె అత్తరు ఒక గంటకు బరువెక్కి, రాత్రంతా తలలో ఉండి వాడిన పూలలా వాసన వేస్తుంది. వట్టివేరు అత్తరు పెద్దగా మారదు. అందులో అన్నీ బరువైన పదార్థాలే, పొద్దున రాస్తే సాయంత్రానికీ దాదాపు అదే. ఎండాకాలానికి నేను అందరికీ చెప్పేది వట్టివేరే.

అగరు సంగతి పూర్తిగా వేరు. అస్సాం వైపు పెరిగే అగరు చెట్టు కాండానికి బూజు పట్టినప్పుడు చెట్టు తనను కాపాడుకోవడానికి ఊరించుకునే జిగురులో ఆ వాసన ఉంటుంది. అసలైన అగరు నూనె రాసుకున్న మొదటి నిమిషాల్లో పశువుల కొట్టం గుర్తొస్తుంది, తోలు గుర్తొస్తుంది. చాలామంది మొహం తిప్పుకుంటారు. దాన్ని అలాగే వదిలేస్తే నెమ్మదిగా పొగ, తేనె, ఎండిన పళ్లు, చివరికి గుళ్లో ధూపం ఆరాక మిగిలే తీపి వస్తాయి. అంత ఖరీదైన నూనెను మొదటి నిమిషంలోనే కాదనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

మట్టి అత్తరు గురించి కూడా ఒక మాట. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి బిళ్లల్ని డేగులో వేసి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. మొదటి వానకు నేల నుంచి లేచే వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్. లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. ఆ వాసన మీద మనిషికి అంత మమకారం ఉంది.

ఇక ఒంటి సంగతి. ఒకే బుడ్డిలోంచి అక్కా చెల్లెళ్లిద్దరు రాసుకున్నా సాయంత్రానికి ఒకేలా ఉండకపోవచ్చు. దీని వెనక ఏదో మాయ ఉందని అమ్మేవాళ్లు చెప్తారు గానీ, కారణాలు చాలావరకు మామూలువే. మన చర్మం పైభాగం దాదాపు 32 నుంచి 34 డిగ్రీల వెచ్చన. ఎంత వెచ్చగా ఉంటే అంత వేగంగా ఆవిరి. జిడ్డు చర్మం నూనెను పట్టి ఉంచుతుంది, పొడి చర్మం మీద త్వరగా తేలిపోతుంది. చెమట, సబ్బు వాసన, తలనూనె, మధ్యాహ్నం తిన్న చేపల పులుసు, ఇవన్నీ కలుస్తాయి. మన సముద్రపు గాలిలో మే నెల ఉక్కపోతకు డిసెంబరులో హాయిగా ఉన్న కస్తూరి అత్తరే ఊపిరాడనివ్వదు. స్ప్రే సెంట్లలో ఆల్కహాల్ ఉంటుంది, అది ఆవిరవుతూ వాసనను ఒక్కసారిగా గదంతా చిమ్ముతుంది. అత్తరులో ఆల్కహాల్ ఉండదు కాబట్టి అది ఒంటిని అంటిపెట్టుకుని, దగ్గరికి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. ఇది లోపం కాదు. నాకైతే అత్తరు గొప్పతనమే అది.

చర్మంతో పాటు ముక్కు కూడా మారుతుంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఒకే వాసన కాసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటు పడి చెప్పడం మానేస్తుంది. పోయిందనుకుని మనం మళ్లీ రాసుకుంటాం, పక్క సీటువాళ్లకు తల తిరుగుతుంది. కొన్ని రకాల కస్తూరి వాసనలు కొందరికి పుట్టుకతోనే తెలియవు కూడా. అందుకే అత్తరు పరీక్షించేటప్పుడు తోడుగా ఇంకో ముక్కు ఉండటం మంచిది. ఇంట్లోవాళ్లను అడగండి. మొహమాటం లేకుండా చెప్పేది వాళ్లే.

ఎలా పరీక్షించాలో చెప్తాను. అత్తరు పెట్టే చోట సబ్బు వాసన ఉండకూడదు, వట్టి నీళ్లతో కడిగి తుడుచుకోండి. బుడ్డి పుల్లతో ఒక్క చుక్క చాలు. ఒక చేతికి ఒకటే అత్తరు. రెండు చేతులకు రెండు, అంతకు మించి ఒక పూటలో వద్దు, మూడోదానికి ముక్కు గందరగోళపడుతుంది. రెండు మణికట్లూ కలిపి రుద్దడం మనకు అలవాటు. దానివల్ల వాసన విరిగిపోతుందని అంటారు, అంత లేదు. కానీ రుద్దితే వేడి పుట్టి, నూనె పలచగా పరుచుకుని, మొదటి ఘట్టం త్వరగా అయిపోతుంది. పరీక్షించే రోజున రుద్దకపోతే మేలు. దుకాణాల్లో మధ్యమధ్య కాఫీ గింజలు పీల్చమంటారు. వాటికంటే ఆరుబయట నాలుగు శ్వాసలు తీసుకోవడమే చాలు. రాసుకున్న వెంటనే, పావుగంటకు, గంటకు, భోజనం దగ్గర, పడుకోబోయే ముందు ఒకసారి వాసన చూసి, తోచిన మాట ఎక్కడైనా రాసుకోండి. ఇంకో రోజు, ఇంకో వాతావరణంలో మళ్లీ చూడండి. అప్పుడు కొనండి.

ఇలా చూస్తే ఇంకో లాభం ఉంది. గంధం నూనె ఖరీదు విపరీతంగా పెరిగిపోయాక చాలా అత్తర్లకు అడుగున గంధం బదులు లిక్విడ్ పారఫిన్ అనే వాసన లేని పెట్రోలియం నూనె లాంటివి వాడుతున్నారు. మొగలి వాసన ఇచ్చే ఆ ఈథర్‌ను కూడా ఫ్యాక్టరీలో తయారు చేయవచ్చు. బుడ్డి మూత దగ్గర ఇవి బ్రహ్మాండంగా ఉంటాయి, ఒక్కోసారి అసలుదానికంటే గట్టిగా. ఒంటి మీద మాత్రం బండారం బయటపడుతుంది. మొదటి ఘాటే చివరిదాకా ఒకే గీతలా సాగి, ఆ తర్వాత ఒక్కసారిగా ఏమీ లేకుండా పోతుంది. జిడ్డు మిగులుతుంది, గంధం రాదు. ముక్కు చెప్పేది అంచనానే, తేల్చాల్సింది నూనెలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ల్యాబ్ పరీక్ష. అయినా సొమ్ము పెట్టే ముందు ఆ అంచనా చాలా ఉపయోగపడుతుంది.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి మొగలి పొదలకు ఎంత దెబ్బ తగిలిందో మీకు గుర్తుంటుంది. అలాంటి దెబ్బలు తట్టుకుని తెల్లవారకముందే ముళ్లలోకి వెళ్తున్న మనుషుల పువ్వు ఇది. అసలు ఏదో, కలిపింది ఏదో పోల్చుకోగలిగిన కొనుగోలుదారులు ఈ ఊళ్లోనే పెరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

జాగ్రత్తలు కొన్ని. రూహ్‌లను నేరుగా ఒంటికి రాయకండి, అవి చాలా గాఢమైనవి. కొత్త అత్తరేదైనా ముందు మోచేతి మడతలో చుక్క పెట్టి ఒకటి రెండు రోజులు చూడండి. దురద, ఎర్రదనం వస్తే వదిలేయండి. దాల్చినచెక్క నూనె, లవంగం నూనె కలిసినవాటితో మరీ జాగ్రత్త. బెర్గమాట్, నిమ్మ జాతి నూనెలు కొన్ని ఒంటి మీద ఉండగా ఎండలోకి వెళ్తే నల్ల మచ్చలు పడతాయి. పసిపిల్లలకు అసలే వద్దు. పట్టుచీర మీద చుక్క పడనివ్వకండి, నూనె మరక వదలదు. చెవి మడతలో దూది పెట్టుకునే పాత పద్ధతి నూలు బట్టలకూ, పట్టు బట్టలకూ రెండింటికీ క్షేమం. బుడ్డిని ఎండ తగలని చోట, మూత గట్టిగా బిగించి ఉంచండి.

బల్ల మీద రెండు బుడ్డీలు పెట్టాను. తెల్ల దారం కట్టినది గంధం మీద తీసిన మొగలి, ఎర్ర దారం కట్టినది పారఫిన్ మీద తీసింది. చర్మం సున్నితమైనవాళ్లు, ఎలర్జీ ఉన్నవాళ్లు పక్కనున్న కాగితపు పుల్లల మీద చూడండి. మిగతావాళ్లు ఎడమ చేతికి తెల్లది, కుడి చేతికి ఎర్రది ఒక్కో చుక్క పెట్టుకోండి. తర్వాతి వక్త మాట్లాడేసరికి గంట గడుస్తుంది. అప్పుడు పక్కవాళ్ల చెయ్యి కూడా చూసి, టీ దగ్గర నాకు చెప్పండి.