ఆ కరెంటు బిల్లు ఎవరు కట్టాలి?

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, నన్ను పట్టుబట్టి పిలిపించిన విద్యార్థులకు నమస్కారం. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే కదా, ‘ఎస్‌ఎస్‌హెచ్ కీలు ఎలా పనిచేస్తాయి’ అని చెప్పమన్నారు. ఎస్‌ఎస్‌హెచ్ అంటే వేరే చోట ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ప్రోగ్రామ్, కీలు అంటే దాని తాళంచెవులు. స్లైడ్లు తెచ్చాను. వాటికన్నా ముందు ఒక మాట.

ఈ వారంలో ఎస్‌ఎస్‌హెచ్‌తో వేరే మిషన్‌లోకి లాగిన్ అయినవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ. మరి దాన్ని రాసినవాళ్ళకి ఒక్క రూపాయైనా పంపినవాళ్ళు? పర్వాలేదు, దించేయండి. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళ దాకా నేనూ పంపలేదు.

1995లో ఫిన్లాండ్‌లో ఒక యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేశారు. అది చూసి అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. తర్వాతి వెర్షన్లకు లైసెన్సు ఆంక్షలు పెరిగాయి. అప్పుడు ఓపెన్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ళు, ఎవరైనా వాడుకుని మార్చుకోగల పాత వెర్షన్‌ను తీసుకుని, బాగుచేసి, 1999 డిసెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌గా విడుదల చేశారు. మీ ల్యాబ్‌లో ఉన్నది అదే.

ఆ బృందానికి పెద్ద థియో డి రాట్. కెనడాలోని కాల్గరీలో ఆయన ఇంటి కింది అంతస్తులో పాతవీ కొత్తవీ రకరకాల ప్రాసెసర్ల మిషన్లు రాత్రీపగలూ తిరుగుతుండేవి. అన్ని రకాలు ఎందుకంటే, ఒక ప్రాసెసర్ మీద కనిపించని తప్పు మరోదాని మీద బయటపడుతుంది. 2014 జనవరిలో వాళ్ళు బహిరంగంగా చెప్పుకున్నారు: ఏడాదికి 20 వేల డాలర్ల కరెంటు బిల్లు, కట్టలేకపోతున్నాం, ఇలాగైతే ప్రాజెక్టు మూసేయాల్సి వస్తుంది అని. ప్రపంచంలోని సర్వర్ల తలుపులు కాసే ప్రోగ్రామండీ అది. దానికి కరెంటు బిల్లు కష్టం!

ఆ ఏడాది వేసవిలో తెనాలిలో మా పిన్ని కూతురి పెళ్ళి. తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి ఒంటిగంటకు ఆఫీసు నుంచి ఫోన్, బిల్లింగ్ సర్వర్ ఆగిపోయిందని. డాబా మీదికి వెళ్ళి, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని, ఫోన్ నెట్ మీద ఎస్‌ఎస్‌హెచ్ కొట్టాను. సిగ్నల్ పోతోంది, వస్తోంది. నా కీ పాస్‌వర్డ్, అదే పాస్‌ఫ్రేజ్, టైప్ చేస్తుంటే తెర మీద చుక్క కూడా కనబడదు కదా, తప్పు కొట్టానేమోనని ఒకటే టెన్షన్. లోపలికి వెళ్ళి చూస్తే లాగ్ ఫైళ్ళతో డిస్క్ నిండిపోయింది. ఖాళీ చేసి, సర్వీసు లేపి, తలంబ్రాల వేళకి కిందికి దిగాను.

ఆ తర్వాతే కాల్గరీ సంగతి చదివాను. మా మేనేజర్‌ని అడిగాను, కంపెనీ తరఫున వంద డాలర్లు పంపుదాం సార్ అని. “ఫ్రీగా వచ్చేదానికి డబ్బెందుకయ్యా?” అన్నారు. ఆ నెలలోనే వార్షికోత్సవానికి రిసార్ట్ బుక్ చేశారు. ఫ్రీగా వచ్చేదానికి డబ్బెందుకు! ఇన్నేళ్ళయినా ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. పెళ్ళిపందిట్లోంచి నన్ను లేపుకుపోయిన సర్వర్ ఆ రోజు నిలబడింది దానివల్లే కదా?

అప్పటికి చందాలు వచ్చాయి, గండం గడిచింది. 2015లో మైక్రోసాఫ్ట్ కూడా ఈ ప్రాజెక్టులకు చందాలు పోగుచేసే ఓపెన్‌బీఎస్‌డీ ఫౌండేషన్‌కు విరాళమిచ్చింది. విండోస్‌లోకి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తీసుకురావాలనుకున్నాకే ఇచ్చింది. అంతకుముందు 2003లో, ఇరాక్ యుద్ధం మీద థియో ఒక పత్రికతో మాట్లాడాక అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిధులు ఆగిపోయాయి. ఇచ్చేవాళ్ళు ఒకరిద్దరే అయితే వాళ్ళకు కోపం వచ్చిన రోజున పొయ్యి ఆరిపోతుంది.

స్లైడ్లకి టైమ్ లేదని సైగ చేస్తున్నారు. వాటిని మీ గ్రూపులో పెడతాను. ఇదొక్కటి వినండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళను కుదించే కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. కొన్ని లినక్స్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకే అది దారి తీసేది. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒక్కరే, జీతం లేకుండా, అలసిపోయి చూసుకుంటూ వచ్చారు. సాయం చేస్తానంటూ వచ్చినవాడు రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, దొంగదారి పెట్టాడు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది. ఆ అలసిన మనిషి పక్కన నిజంగా సాయం చేసే మరో ఇద్దరుంటే వాడికి చోటెక్కడిది?

నా ల్యాప్‌టాప్ ఆ మూల బల్ల మీద ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ ఫౌండేషన్ చందాల పేజీ తెరిచి పెట్టాను. ఉద్యోగాల్లో చేరాక మీ మేనేజర్‌ని అడగండి. కాదంటే మళ్ళీ అడగండి. ఇవాళ డబ్బు లేనివాళ్ళు ప్రోగ్రామ్ వాడకం వివరించే మాన్యువల్ పేజీ ఒకటి చదివి, అర్థంకాని చోటు నాకు చూపించండి, దాన్ని సరిచేసి ఎలా పంపాలో చెబుతాను. నా బస్సు ఆరున్నరకి. అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటాను.