వాల్‌హైమ్‌లో కొలిమి ఎక్కడ పెట్టాలి? కంచు లెక్క, ఇంటి కట్టుబడి

నమస్తే అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. ఈ వీడియో అంతా వాల్‌హైమ్ మీదే. ముందే చెప్పేస్తున్నా, కంచు కావాలంటే రాగి ఖనిజాన్ని ఇంటికి మోసుకురాకండి. కొలిమినే గని దగ్గరికి తీసుకుపోండి. ఎందుకో లెక్కలతో సహా చూపిస్తా.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్వీడన్‌లో ఐరన్ గేట్ అని ఒక చిన్న స్టూడియో ఉంది. వాళ్లు చేసిన గేమ్ ఇది, 2021 ఫిబ్రవరి 2న ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా తయారవుతుండగానే, వచ్చింది. చనిపోయిన వైకింగ్ యోధుడిగా ఒక కొత్త లోకంలో దిగుతాం. ఒంటి మీద గుడ్డపేలికలు తప్ప ఏమీ ఉండదు. కింద పడ్డ కట్టెలు, రాళ్లు ఏరుకోవడంతో మొదలుపెట్టి ఇల్లు, కొలిమి, పడవ దాకా అన్నీ మనమే చేసుకోవాలి. ఒక లోకంలో పదిమంది వరకు కలిసి ఆడొచ్చు. మేం నలుగురం ఆడుతున్నాం. నేను, ఊళ్లోనే ఉండే మా బావ, జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు, దేవరకొండ నుంచి ఒక అన్న.

మా నలుగురి మధ్య ఎప్పుడూ తెగని పంచాయితీ ఒకటుంది. మా బావ ఏమంటాడంటే, "ముందు పెద్ద ఇల్లు కట్టేద్దాం బావా. బట్టీ, కొలిమి, పెట్టెలు అన్నీ అందులోనే ఉంటే వెతుక్కునే తిప్పలు ఉండదు. రాగి ఎక్కడ దొరికినా అక్కడికే తెచ్చుకుందాం." వినడానికి బాగానే ఉంటుంది. చాలామంది ఇట్లాగే ఆడతారు కూడా. కానీ ఈ ఆటలో తవ్వడం కష్టం కాదు, నరకడం కష్టం కాదు, మోత కష్టం. మన మనిషి మోయగలిగేది 300 బరువు. అది దాటితే పరుగు ఉండదు, స్టామినా కరిగిపోతుంది, కాళ్లీడ్చుకుంటూ నడవాలి. ఒంటి మీది కవచం, చేతిలో ఆయుధం, తినే తిండి, అన్నీ ఆ 300 లోనే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక మనిషికి కంచు సామాను పూర్తిగా కావాలనుకోండి. గొడ్డలికి 8 కంచు, గని తవ్వే పికాక్స్‌కి 10, నేల దున్నే కల్టివేటర్‌కి 5. కవచం మూడు ముక్కలు, ఒక్కోదానికి 5 చొప్పున 15. మొత్తం 38 కంచు. ఒక కంచు చేయాలంటే రెండు రాగి, ఒక తగరం కరిగించి కలపాలి. అంటే 76 రాగి ఖనిజం, 38 తగరం ఖనిజం. రాగి ఖనిజం ముక్క ఒక్కోటి 10 బరువు, తగరం ముక్క 8. కలిపితే 760, 304, వెరసి 1064 బరువు. ఇదంతా ఒక్కరి సామానుకే.

నలుగురం ఉన్నాం కదా పంచుకుందాం అంటాడు బావ. పంచితే తలకి 266. మిగిలేది 34. అందులో కత్తి, డాలు, పికాక్స్, తిండి, కవచం పట్టాలి. పట్టవు. రాగి దొరికే అడవి పేరు బ్లాక్ ఫారెస్ట్. వట్టి చేతులతో అక్కడ నడిస్తే ఏమవుతుందో ఆ అడవిలో ఒక్కసారి ట్రోల్ అనే పెద్ద రాక్షసుడు ఎదురైనవాళ్లకి చెప్పక్కర్లేదు.

అదే కొలిమి గని పక్కన ఉంటే? కంచు కడ్డీ ఒక్కోటి 12 బరువు. రెండు రాగి, ఒక తగరం ఖనిజం కలిపి 28 బరువు ఉంటే, అవి కరిగి కంచుగా మారేసరికి 12 అవుతుంది. సగం కన్నా తక్కువ. 38 కంచు మొత్తం కలిపి 456. నలుగురు పంచుకుంటే తలకి 114. హాయిగా కవచాలు వేసుకుని, ఆయుధాలు పట్టుకుని, పరుగెత్తుకుంటూ రావొచ్చు.

ఇక కట్టెలు. ఖనిజం కరిగించే కొలిమిని ఆటలో స్మెల్టర్ అంటారు. అందులో ఒక ముక్క కరగాలంటే రెండు బొగ్గులు కావాలి. బట్టీలో ఒక కట్టెకి ఒక బొగ్గు వస్తుంది. మన లెక్కలో 114 ఖనిజం ముక్కలు ఉన్నాయి కాబట్టి 228 కట్టెలు. మన మహబూబ్‌నగర్, నల్గొండ పల్లెల్లో సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు బట్టీ పెట్టేవాళ్లు చెట్లు ఉన్న చోటనే బట్టీ పెడతారు, బొగ్గు చేసి బస్తాల్లో ఎత్తుతారు. ఎందుకంటే పచ్చికట్టె మోయడం కన్నా బొగ్గు మోయడం తేలిక. ఆటలో కూడా చెట్లున్న చోటనే బట్టీ పెట్టండి. బ్లాక్ ఫారెస్ట్ అంటేనే చెట్లు. గని చుట్టూ నిలబడి కొడితే చాలు. అదే ఇంటి చుట్టూ చెట్లు నరికారంటే మళ్లీ వాటంతట అవి మొలవవు, విత్తనం నాటితేనే వస్తాయి. ఇంటి దగ్గర నీడ కాపాడుకోండి.

సరే, గని దగ్గర ఏమేం పెట్టాలో చూపిస్తా. స్క్రీన్ మీద చూడండి, ఇదిగో రాగి బండ. పైకి కనిపించేది కొంచెమే, భూమిలో చాలా ఉంటుంది. దీన్ని కొట్టడానికి మామూలు పనిముట్లు పనికిరావు. ఐక్తిర్ అనే మొదటి బాస్‌ని కొడితే గట్టి కొమ్ములు పడతాయి, వాటితో చేసే పికాక్స్ కావాలి. చాలామంది పైనుంచి కొడుతూ కొడుతూ సగం వదిలేసి ఇంకో బండ వెతుక్కుంటూ పోతారు. అట్లా వద్దు. చుట్టూ మట్టి తవ్వండి, కందకం లాగా. తర్వాత కిందికి దిగి అడుగున మట్టి కూడా తీసేయండి. బండకి నేలతో ఎక్కడా తాకిడి లేకుండా పోయిన క్షణాన... ఇదిగో చూడండి... ఒక్క దెబ్బకి మొత్తం బండ ముక్కలైపోయింది! ఈ చప్పుడు వింటే వచ్చే ఆనందం వేరే. తగరం మాత్రం ఇట్లా తవ్వే పని ఉండదు, బ్లాక్ ఫారెస్ట్‌లో నీటి ఒడ్డున చిన్న చిన్న రాళ్లుగా దొరుకుతుంది. అందుకే నీళ్లకి దగ్గరగా ఉన్న రాగి బండ దొరికితే వదలకండి.

బండకి కాస్త దూరంలో ముందు వర్క్‌బెంచ్, అంటే పనిబల్ల. పది కట్టెలు చాలు. దాని మీద చిన్న పాక వేయండి, కప్పు లేకపోతే అది పనిచేయదు. వర్క్‌బెంచ్ వల్ల ఇంకో లాభం ఉంది. దాని చుట్టూ 20 మీటర్లలో కొత్తగా శత్రువులు పుట్టరు. దూరం నుంచి నడిచి వచ్చేవాళ్లు వస్తారనుకోండి, అడవిలో తిరిగే శత్రువులైన గ్రేడ్వార్ఫ్‌లకి నిప్పంటే భయం కాబట్టి ఒక మంట వేసుకోండి.

తర్వాత బట్టీ, స్మెల్టర్. రెండింటికీ ఒక్కోదానికి 20 రాళ్లు, 5 సర్ట్‌లింగ్ కోర్‌లు. ఈ కోర్‌లు ఎర్రగా మెరుస్తుంటాయి, బ్లాక్ ఫారెస్ట్‌లోని సమాధి గుహల్లో దొరుకుతాయి. బట్టీలో ఒక బొగ్గు అవడానికి 15 సెకన్లు, స్మెల్టర్‌లో ఒక కడ్డీ అవడానికి 30 సెకన్లు. కడ్డీకి రెండు బొగ్గులు కావాలి కదా, అంటే ఒక బట్టీ ఒక స్మెల్టర్‌కి సరిగ్గా సరిపోతుంది. రెండో బట్టీ కట్టి కోర్‌లు వృథా చేయకండి. స్మెల్టర్ రెండు పెడితేనే బట్టీ రెండు పెట్టండి. 114 ముక్కలు ఒక్క స్మెల్టర్‌లో కరగాలంటే 57 నిమిషాలు. మీరు పక్కనే తవ్వుతూ ఉంటారు కాబట్టి ఆ టైమ్ తెలియదు. అదే కొలిమి ఇంట్లో ఉంటే దాని ముందు నిలబడి మంట చూస్తూ కూర్చోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. బట్టీకి మామూలు కట్టె, పైన్ చెట్టు కోర్ వుడ్, ఫైన్ వుడ్ అన్న తేడా లేదు. సంచిలో ఏది ఉంటే అది మింగేస్తుంది. కోర్ వుడ్ లేకుండా కంచు పికాక్స్ కాదు. అందుకే బట్టీ దగ్గరికి పోయేముందు మంచి కట్టె అంతా పెట్టెలో పెట్టేయండి.

చివరికి ఫోర్జ్, అంటే కడ్డీలని సామానుగా మలిచే చోటు. దానికి 6 రాగి, 10 కట్టెలు, 4 రాళ్లు, 4 బొగ్గులు. దానికీ కప్పు కావాలి. మొదట ఇక్కడే కంచు గొడ్డలి చేసుకోండి. ఎందుకంటే పోర్టల్, అంటే ఒక చోట దూరితే ఇంకో చోట తేలే ద్వారం, కట్టాలంటే ఫైన్ వుడ్ కావాలి, అది బర్చ్, ఓక్ చెట్ల నుంచి వస్తుంది. వాటిని కొట్టాలంటే కంచు గొడ్డలి ఉండాల్సిందే. ఒక పోర్టల్‌కి 20 ఫైన్ వుడ్, 10 గ్రేడ్వార్ఫ్ కళ్లు, 2 కోర్‌లు. గని దగ్గర ఒకటి, ఇంటి దగ్గర ఒకటి.

ఇప్పుడు నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన సంగతి. మామూలు సెట్టింగ్‌లో పోర్టల్ గుండా ఖనిజం పోదు, కడ్డీలు పోవు. కానీ చేసిన సామాను పోతుంది! కంచు కవచం గని దగ్గరే చేసి ఒంటికి వేసుకోండి, గొడ్డలి భుజాన వేసుకోండి, పోర్టల్‌లో అడుగు పెట్టండి, ఇంటికి చేరతారు. మోత సున్నా. అంతేకాదు, ఈ ఆటలో కట్టినదాన్ని విప్పితే సామాను మొత్తం తిరిగి వస్తుంది, ఒక్క రాయి కూడా పోదు. అంటే గని అయిపోయాక బట్టీ, స్మెల్టర్ విప్పేసి ఆ రాళ్లు, కోర్‌లు సంచిలో వేసుకుని పోర్టల్ గుండా వెళ్లొచ్చు, ఇంకో గని దగ్గర మళ్లీ నిలబెట్టొచ్చు. ఖనిజం పోర్టల్ దాటదు, కొలిమి దాటుతుంది. ఆట చేసినవాళ్లే దారి చూపించారు, మనం నడవాలి అంతే. ఫోర్జ్‌లోని 6 రాగి మాత్రం దాటదు, కాబట్టి ఫోర్జ్‌ని అక్కడే వదిలేయండి.

ఇంటి ఫోర్జ్‌లో కవచాల లెవల్ పెంచుకోవడానికి కొంత కంచు ఎట్లాగూ కావాలి. దానికి బండి చేసుకోండి. 20 కట్టెలు, 10 కంచు మేకులు. ఒక్క కంచుకి 20 మేకులు వస్తాయి. గుట్టల మీద బండి మొండికేస్తుంది, పారతో దారి చదును చేసుకుంటూ పోండి.

ఇల్లు మరి? కట్టొద్దని నేను అనడం లేదు. మా దేవరకొండ అన్నకి కట్టుబడి అంటే ప్రాణం, ఆయన కట్టే ఇల్లు చూడటానికే కొన్నిసార్లు నేను ఆన్‌లైన్‌కి వస్తా. నా మాట ఏంటంటే ఇంట్లో పరిశ్రమ వద్దు, విశ్రాంతి ఉండాలి. కప్పు కింద, మంట దగ్గర కాసేపు ఉంటే రెస్టెడ్ అని వస్తుంది. స్టామినా రెట్టింపు వేగంతో నిండుతుంది. ఇల్లు ఎంత సౌకర్యంగా ఉంటే అది అంత ఎక్కువసేపు ఉంటుంది, ఒక్కో కంఫర్ట్ పాయింట్‌కి ఒక నిమిషం చొప్పున. కుర్చీ, బల్ల, మంచి మంచం, జింక తోలు పరుపు, ఇవన్నీ అందం కోసం మాత్రమే కాదు. గనికి బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని వెళ్తే తవ్వకం ఎంత సాగుతుందో మీరే చూడండి.

పొగ విషయం మర్చిపోవద్దు. ఇంట్లో మంట వేసి కప్పు మొత్తం మూసేస్తే పొగ నిండుకుని ప్రాణం పోతుంది. కప్పు కొసన ఒక గడి వదిలి, దాని మీద కొంచెం ఎత్తులో చిన్న కప్పు వేయండి. వాన పడదు, పొగ పోతుంది.

ఇక బలం. సుత్తి పట్టుకుని ఏదైనా దూలం వైపు చూస్తే రంగు కనిపిస్తుంది. నీలం అంటే నేలని తాకుతోంది. అక్కడి నుంచి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపు తర్వాత ఇంకో ముక్క పెడితే కూలుతుంది. నిలువుగా పెరిగేటప్పుడు బలం మెల్లగా తగ్గుతుంది, అడ్డంగా పోయేటప్పుడు త్వరగా తగ్గుతుంది. పెద్ద హాలు కావాలంటే మధ్యలో కోర్ వుడ్ స్తంభాలు నిలబెట్టండి, మామూలు కట్టె కన్నా చాలా ఎత్తుకి పోతాయి.

చాలామంది వాడుకోని సంగతి ఇంకోటి. పెద్ద గుండు దగ్గర కడితే, ఆ గుండుని తాకిన దూలం కూడా నీలం అవుతుంది! రాచకొండ కోటకి పోయినవాళ్లు చూసే ఉంటారు, రేచర్ల పద్మనాయకులు 14వ శతాబ్దంలో రాజధానిగా చేసుకున్న చోటు అది. సున్నం పెట్టకుండా పేర్చిన పెద్ద పెద్ద రాళ్ల గోడలు, గుట్ట మీద సహజంగా ఉన్న గుండ్లని వదలకుండా గోడలో కలిపేసుకుంటూ పోయాయి. దేవరకొండ అన్న మా ఇల్లు అట్లాగే కట్టాడు. వెనుక గోడ మొత్తం ఒకే గుండు. మూడో అంతస్తు దూలాలు గుండులోకి దిగాయి కాబట్టి అక్కడ కూడా నీలమే. చూడండి, ఈ మూల నుంచి... అదిగో. కింద స్తంభం ఒక్కటి కూడా లేదు. మా బావ దీన్ని చూశాకే ఇంట్లోంచి కొలిమి తీసేయడానికి ఒప్పుకున్నాడు, ఆ జాగాలో అన్నని ఇంకో హాలు కట్టమన్నాడు.

కప్పు లేని కట్టె వానకి పాడవుతుంది. కానీ సగం బలం దగ్గర ఆగిపోతుంది, పూర్తిగా పోదు. సుత్తితో బాగుచేయడానికి ఖర్చు కూడా ఉండదు. దీనికి టెన్షన్ పడకండి.

ఇల్లు మాత్రం మెడోస్‌లో, అంటే ఆట మొదలయ్యే పచ్చిక మైదానంలో, నీటి ఒడ్డున కట్టండి. క్యారెట్ వేసుకోవచ్చు, తేనెపెట్టె పెట్టుకోవచ్చు, అడవిపందులని మచ్చిక చేసుకోవచ్చు. ఒడ్డునే ఎందుకంటే, తర్వాత ఇనుము వస్తుంది. అది చిత్తడి నేలల్లో, నీళ్లలో మునిగిన గుహల్లో ఉంటుంది, చాలాసార్లు వేరే దీవి మీద. ఇనుము కూడా పోర్టల్ దాటదు. అప్పుడు పడవ కావాలి, పడవ నిలపడానికి రేవు కావాలి. కార్వ్ పడవకి 80 కంచు మేకులు పడతాయి, అంటే నాలుగు కంచు. ఈసారి గనికి పోయినప్పుడు ఆ నాలుగు ఎక్కువ చేసి పెట్టుకోండి. వచ్చే వీడియోలో ఆ పడవ ఎక్కి చిత్తడిలోకి పోదాం, జడ్చర్ల తమ్ముడు దారి చూపిస్తాడు.