డమ్మీ అవుట్‌పుట్ అంటే సౌండ్ కార్డు పోయినట్టు కాదు

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం మా తమ్ముణ్ణి మైకు ముందు కూర్చోబెట్టాను. నేను తెలుగు పాఠాలు చదివి, రికార్డు చేసి పిల్లలకు పంపుతుంటాను. పోయిన నెలలో నా ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. తెర బాగుంది, వైఫై వచ్చింది, శబ్దం మాత్రం లేదు. సెట్టింగుల్లో స్పీకర్ల పేరు ఉండాల్సిన చోట డమ్మీ అవుట్‌పుట్ అని ఉంది. సౌండ్ కార్డు పాడైందనే అనుకున్నాను.

తమ్ముడు: ముందు రోజు వరకు విండోస్‌లో పాటలు విన్నావు కదక్కా, ఒక్క రాత్రిలో కార్డు ఎందుకు పోతుంది? ప్రోగ్రాముల శబ్దాన్ని కార్డుకు చేర్చే పైప్‌వైర్ గానీ, దానికి ముందు వాడుకలో ఉన్న పల్స్ ఆడియో గానీ, శబ్దం పంపడానికి ఏ కార్డూ దొరకనప్పుడు ఒక ఉత్తుత్తి పరికరాన్ని పెట్టుకుంటాయి. కింద ఉన్న ఆల్సా నుంచి తమకేమీ అందలేదని చెప్పడమే అది.

అక్క: ఆల్సా సంగతి కొంచెం చెప్పు.

తమ్ముడు: లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో సౌండ్ డ్రైవర్లన్నీ, అంటే సౌండ్ చిప్పులను నడిపే ప్రోగ్రాములన్నీ, ఉండే చోటు. 1998లో యారొస్లావ్ కిసెలా మొదలుపెట్టారు. గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం రాసిన డ్రైవరు దానికి పునాది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచి అదే ప్రధానం. నువ్వు పాట పెడితే అది పైప్‌వైర్‌కు, అక్కడి నుంచి ఆల్సాకు, ఆ తర్వాత చిప్పుకు చేరుతుంది. చేనుకు నీళ్లు రాకపోతే కాలువ గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి గండి ఎక్కడ పడిందో చూస్తాం. ఇక్కడా అలాగే చూడాలి.

అక్క: అందుకే ఫోనులో మొదట, యంత్రంలోని పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం టైపు చేయించావు.

తమ్ముడు: అవును, పక్కన గీత పెట్టి ఎన్ఎన్‌కే అని చేర్చి. జాబితాలో ఆడియో అన్న వరుస ఉంటే కెర్నెల్‌కు చిప్పు కనిపించినట్టు. దాని కిందే ఏ డ్రైవరు దాన్ని పట్టుకుందో ఉంటుంది. నీకు రెండూ ఉన్నాయి.

అక్క: నాకు అంతుపట్టనిది అదే. చిప్పు ఉంది, డ్రైవరు ఉంది, శబ్దం ఎందుకు రాదు?

తమ్ముడు: పాత యంత్రాల్లో అయితే వచ్చేది. ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిలో ఒక కంట్రోలరు, దానికి తగిలించిన, అంకెల రూపంలోని శబ్దాన్ని స్పీకర్లకు తగ్గట్టు మార్చే కోడెక్ చిప్పు ఉంటాయి. ఆ రెంటికీ డ్రైవరు ఉంటే చాలు. ఇటీవలి చాలా ల్యాప్‌టాప్‌లలో డీఎస్‌పీ అని శబ్దం పనుల కోసమే ఒక చిన్న ప్రాసెసరు కూడా ఉంటోంది. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవరు దానిలోకి ఒక ఫర్మ్‌వేర్ ఫైలును, అంటే ఆ ప్రాసెసరును నడిపే ప్రోగ్రామును, ఎక్కించాలి. నీ యంత్రానికి కావలసింది సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, పొట్టిగా ఎస్ఓఎఫ్. డ్రైవరు కెర్నెల్‌తో పాటే వస్తుంది, ఫర్మ్‌వేర్ వేరే ప్యాకేజీలో ఉంటుంది. ఆ ప్యాకేజీ నీ దగ్గర లేదు.

అక్క: అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగావు?

తమ్ముడు: నేను కనిపెట్టిందేమీ లేదు, కెర్నెలే రాసిపెట్టింది. సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో, కెర్నెల్ సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ ఇచ్చి, ఎస్ఓఎఫ్ అన్న వరుసలు వెతకమన్నాను కదా. ఫర్మ్‌వేర్ ఎక్కించబోతే మైనస్ 2 తప్పు వచ్చిందని ఒక వరుస ఉంది. లినక్స్ లెక్కలో 2 అంటే అడిగిన ఫైలు లేదని. ఏ ఫైలు అడిగిందో కూడా అదే వరుసలో ఉంది. శబ్దం రాలేదని సిస్టం మొత్తం చెరిపి మళ్లీ వేసుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కారణం రాసి ఉన్న కాగితాన్ని చదవకుండానే చించేస్తున్నారు.

అక్క: ఆ ప్యాకేజీ రేపు వేద్దామని నువ్వు ఫోను పెట్టేశావు. నేను ఆగలేకపోయాను. ఎవరో రాసిన సలహా చూసి, డ్రైవర్ల సెట్టింగులు ఉండే మోడ్‌ప్రోబ్ ఫోల్డరులో ఒక ఫైలు పెట్టి, డీఎస్‌పీ డ్రైవర్ ఈక్వల్స్ 1 అని ఒక వరుస రాసి రీస్టార్టు చేశాను. స్పీకర్లు పలికాయి! ఎంత సంతోషించానో. తెల్లవారి పాఠం రికార్డు చేద్దామని కూర్చుంటే మైకు లేదు.

తమ్ముడు: ఈ ఎపిసోడ్‌లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ముక్కే. ఆ వరుస డీఎస్‌పీని పక్కన పెట్టి పాత హెచ్‌డీ ఆడియో డ్రైవరునే వాడమంటుంది. స్పీకర్లు కోడెక్‌కు కలిసి ఉన్నాయి కాబట్టి పలికాయి. తెర పైఅంచున కెమెరా పక్కన ఉండే డిజిటల్ మైకు కోడెక్ దగ్గరికే వెళ్లదు, దాని తీగ నేరుగా డీఎస్‌పీకి వెళ్తుంది. డీఎస్‌పీని పక్కన పెడితే మైకూ పోతుంది. ఆ సలహా తప్పు కాదు. మైకు అక్కర లేనివాళ్లకు చాలు, నీకు చాలదు.

అక్క: మర్నాడు ఆ వరుస తీసేయించి ప్యాకేజీ వేయించావు.

తమ్ముడు: లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటుల్లో దాని పేరు ఫర్మ్‌వేర్-ఎస్ఓఎఫ్-సైన్డ్. ఫెడోరాలో ఆల్సా-ఎస్ఓఎఫ్-ఫర్మ్‌వేర్, ఆర్చ్‌లో ఎస్ఓఎఫ్-ఫర్మ్‌వేర్. ప్యాకేజీ వేశాక రీస్టార్టు చేసి మళ్లీ డీఎంఈఎస్‌జీ చూడాలి. మైనస్ 2 పోయి, ఫర్మ్‌వేర్ వెర్షన్ కనిపించాలి.

అక్క: నాకు కనిపించింది. అయినా స్పీకర్లు మాట్లాడలేదు!

తమ్ముడు: అది చిన్న విషయం. టెర్మినల్‌లో శబ్దం స్థాయిలు చూపే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో సరైన కార్డు ఎంచుకుంటే, పట్టీ కింద రెండు ఎమ్‌లు ఉన్నాయి. మ్యూట్‌లో ఉందని అర్థం. ఎమ్ నొక్కితే తెరుచుకుంది. డెస్క్‌టాప్ వాడేవాళ్లు మరొకటి చూసుకోవాలి: శబ్దం హెచ్‌డీఎంఐ తీగ వెంట స్పీకర్లు లేని మానిటరుకు వెళ్తోందేమో. అప్పుడు డ్రైవరు జోలికి పోకుండా సెట్టింగుల్లో అవుట్‌పుట్ మార్చుకుంటే సరి.

అక్క: ఆ తర్వాత ఏ-రికార్డ్ అని టైపు చేసి, గీత పెట్టి ఎల్ అని ఇస్తే జాబితాలో డీమిక్, అంటే ఆ డిజిటల్ మైకు, కనిపించింది. ఆ సాయంత్రమే ఆరో తరగతి పద్య పాఠం రికార్డు చేసి పంపాను.