ఈ జబ్బుకు ఈ క్రిమే కారణమని తేల్చేదెలా?

మాధవి: రోగి కఫంలో ఒక బ్యాక్టీరియా కనిపించింది. జబ్బు దాని వల్లే అనెయ్యొచ్చా రవిగారూ?

రవి: అనలేమండి. జబ్బు ముదిరాక వచ్చి చేరిందేమో! అందుకే 1882లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని మైక్రోస్కోప్‌లో చూసి ఊరుకోలేదు. విడిగా పెంచి, ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్‌లకు ఎక్కించాడు. వాటికి క్షయ వచ్చింది. వాటిలోంచి మళ్లీ అదే క్రిమి దొరికింది.

మాధవి: ఇందులో ఎక్కువగా తేడా కొట్టేది ఎక్కడ?

రవి: విడిగా పెంచడం దగ్గరే. లూప్‌ని, అంటే కొసన చిన్న ఉంగరం ఉన్న తీగని, మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక శాంపిల్ అంటించి, క్రిములు పెరిగే జెల్లీ పోసిన అగార్ ప్లేటు మీద గీస్తాం. మళ్లీ కాల్చి, ఆ గీతల చివర్నుంచి కొంచెం లాగి పక్కన గీస్తాం. ఇలా మూడు నాలుగుసార్లు. చివరి గీతల్లో కాలనీలు, అంటే క్రిములు గుంపుగా పెరిగి ఏర్పడే చుక్కలు, విడివిడిగా లేస్తాయి. ఒక్క కాలనీ తీసి ఇంకో ప్లేటు మీద మళ్లీ గీయాలి, ఎందుకంటే చూడ్డానికి ఒకటే అనిపించినా అందులో రెండు రకాలు కలిసి ఉండొచ్చు. లూప్ చల్లారకముందే అంటిస్తే క్రిములు చస్తాయి. ఇక జంతువుల్లో కొన్నిటికి క్రిమి లేని ద్రవం మాత్రమే ఎక్కించాలి. అది చెయ్యకపోతే జబ్బు క్రిమి వల్ల వచ్చిందో, ద్రవం వల్ల వచ్చిందో చెప్పలేం.

మాధవి: అసలు పెరక్కపోతే?

రవి: ముందు ఇంకొన్నాళ్లు ఆగాలి. జీర్ణాశయంలో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ప్లేట్లను రెండు రోజులకే పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవులకి ఇంక్యుబేటర్‌లోనే (క్రిములు పెరగడానికి వెచ్చగా ఉంచే పెట్టెలోనే) ఉండిపోయాకే కాలనీలు కనబడ్డాయి. 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ ఆ క్రిమిని తాగితే జీర్ణాశయంలో వాపు వచ్చింది గానీ పుండు పడలేదు. పుండు సంగతి తేల్చింది చికిత్సే: క్రిమిని పూర్తిగా పోగొట్టిన రోగుల్లో పుండు తిరగబెట్టడం బాగా తగ్గింది. కుష్ఠు క్రిమి అయితే ఇప్పటికీ ప్లేటు మీద పెరగదు, ఎలుకల పాదాల్లోనో ఆర్మడిల్లో అనే పెంకు జంతువుల్లోనో పెంచాల్సిందే.

మాధవి: మరి ఒంట్లో క్రిమి ఉన్నా జబ్బు పడనివాళ్లు?

రవి: కలరాలో కోఖ్‌కే ఎదురైన చిక్కది. జబ్బుకు ఒక క్రిమే కారణం అనాలంటే అది జబ్బుపడ్డవాళ్లలో మాత్రమే ఉండాలన్న షరతు అక్కడే నిలవలేదు. 1988లో అమెరికా సూక్ష్మజీవి శాస్త్రవేత్త స్టాన్లీ ఫాల్కో ప్రశ్నను జన్యువు దగ్గరికి తెచ్చాడు. అనుమానం ఉన్న జన్యువును పనిచెయ్యకుండా చేస్తే జబ్బు కలిగించే శక్తి తగ్గాలి, తిరిగి పెడితే ఆ శక్తి రావాలి.

మాధవి: తగ్గడం చూస్తే చాలదా?

రవి: చాలదండి. జన్యువును తీసేటప్పుడు పక్క జన్యువు దెబ్బతిని ఉండొచ్చు. తిరిగి పెట్టి చూస్తేనే అది బయటపడుతుంది. ఇంకోటి, మార్చిన క్రిమి మామూలు పోషక ద్రవంలో కూడా నెమ్మదిగా పెరుగుతుందేమో చూడాలి. అలా పెరిగితే ఆ జన్యువు జబ్బుకు సంబంధించింది కాకపోవచ్చు, క్రిమి బతకడానికే కావలసింది అయ్యుండొచ్చు.