మంచు వాలు మీద మోకాలు

సభకు నమస్కారం.

చలికాలం రాగానే కొలరాడోలోని మన తెలుగు కుటుంబాలు పిల్లాపాపలతో స్కీయింగ్‌కు వెళ్లడం ఇప్పుడు మామూలైంది. స్కీలు అద్దెకిచ్చే దుకాణాల్లో నేను తరచూ చూసే దృశ్యం ఒకటి ఉంది. ఇంటిల్లిపాది వివరాలూ భర్తే రాస్తాడు, భార్య బరువు దగ్గర అంచనాగా ఒక అంకె వేస్తాడు. ఆ అంకెను ఎత్తు, వయసు, బూటు అడుగుభాగం పొడవు, అనుభవంతో కలిపి పట్టికలో చూసుకుని, దుకాణంలో పనిచేసే అబ్బాయి, బూటును స్కీ పలకకు పట్టి ఉంచే బైండింగు మీది మరను స్క్రూడ్రైవరుతో బిగిస్తాడు. మనిషి పడినప్పుడు బూటు ఎంత బలానికి స్కీ నుంచి ఊడాలో నిర్ణయించేది ఆ మరే. మోకాళ్ల పునరావాస చికిత్స చేసే నాకు ఆ అంచనా అంకె చూస్తే భయం వేస్తుంది.

సరదాకు స్కీయింగ్ చేసేవారిలో మోకాటి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కట్టిపట్టే ఏసీఎల్ అనే స్నాయువు తెగడం పురుషులలో కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. స్త్రీల కటి భాగం వెడల్పు కాబట్టి తొడ ఎముక మోకాటి దగ్గరకు మరికాస్త ఏటవాలుగా దిగుతుంది, ఒత్తిడి పడినప్పుడు మోకాలు లోపలికి వాలే స్వభావమూ ఎక్కువ. పైగా ఏసీఎల్‌కు అండగా నిలిచే తొడ వెనుక కండరాలకన్నా ముందు కండరాల మీదే స్త్రీలు ఎక్కువగా ఆధారపడతారు. ఇక మనిషి వెనక్కి ఒరిగి, బరువంతా వాలు దిగువ వైపు కాలి మీద పడి, స్కీ తోక లోపలి అంచు మంచును పట్టుకుందంటే, గడ్డపారతో రాయిని పెకలించినట్టు ఆ పొడవాటి తోక మోకాలిని మెలితిప్పేస్తుంది. బైండింగులు మెరుగుపడ్డాక మోకాలి కింది ఎముక విరగడం బాగా తగ్గింది గానీ, అవి స్పందించేది బూటు దగ్గరి బలానికే తప్ప మోకాటి మీది మెలికకు కాదు. ఏసీఎల్ తెగిన ప్రమాదాలను పరిశీలించిన ఆస్ట్రియా పరిశోధకులు, బైండింగు ఊడకపోవడం స్త్రీల విషయంలోనే ఎక్కువని గుర్తించారు.

అయితే స్కీయింగ్ ప్రపంచ కప్‌లో ఆల్పైన్, అంటే వాలు దిగే పోటీల్లో పాల్గొనేవారి గాయాలను ఏళ్ల తరబడి నమోదు చేసి చూస్తే, ఏసీఎల్ విషయంలో స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పోటీల్లోని స్త్రీలకూ కటి వెడల్పే. కండబలం, నేర్పు, తన శరీరానికి కుదిరిన సరంజామా ఉన్నచోట ఎముకల తేడా ఒక్కటే ఫలితాన్ని శాసించదని దీన్నిబట్టి నేను నమ్ముతున్నాను.

శరీరాన్ని సాకుగా చూపి స్త్రీలను ఆపిన చరిత్ర ఈ క్రీడకు ఉంది. స్కీ జంపింగ్ వైద్యపరంగా మహిళలకు తగినట్టు లేదని 2005లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పరే అన్నారు. మూడేళ్లకు, 2010 ఒలింపిక్స్ కోసం కెనడాలోని విస్లర్‌లో కట్టిన చిన్న జంపింగ్ కొండ మీద అమెరికా యువతి లిండ్సే వాన్ 105.5 మీటర్లు దూకి రికార్డు నెలకొల్పింది, అయినా ఆ ఒలింపిక్స్‌లో మహిళలకు ఆ పోటీ పెట్టలేదు. 2014 సోచీ ఒలింపిక్స్‌లో గానీ వాళ్లకు తలుపు తెరుచుకోలేదు.

నా ఆరాటమంతా బూటు గురించి. స్త్రీల పిక్క కండ కాలి మీద కాస్త కిందికి దిగి ఉంటుంది. మగవారి కాలికి చేసిన ఎత్తయిన బూటు ఆ కండను నొక్కి పట్టేస్తుంది, నొప్పికి తాళలేక ఆమె పై బకిల్ వదులు చేస్తుంది, దాంతో మడమ లోపల లేస్తుంది, స్కీ చెప్పినమాట వినదు, భయంతో ఆమె వెనక్కి ఒరుగుతుంది. ఏసీఎల్‌ను తెంపే భంగిమ సరిగ్గా అదే. బైండింగును కొద్దిగా ముందుకు జరిపి, మడమ కింద ఎత్తు పెడితే స్త్రీల బరువు స్కీ మధ్యకు వస్తుందని అమెరికాలో మహిళల స్కీ సరంజామా నిపుణురాలు జీనీ థోరెన్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. కురచ మెడ, వెడల్పు పైఅంచు ఉన్న మహిళల బూట్లు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వేసుకుని, బకిళ్లన్నీ బిగించి, మోకాళ్లు ముందుకు వంచండి. మోకాలి కింది ఎముక ముందువైపు బూటు నాలుకకు ఆనాలి, మడమ మాత్రం కదలకూడదు. మడమ లేచిందంటే ఆ జత తిరిగి ఇచ్చేయండి, వెనుక వరుస ఎంత పొడవున్నా సరే.